కాముని కుప్ప మీది తేనెపెట్టె

మా అత్త బసమ్మకు కోపమొస్తే మనుషులతో మాట్లాడేది కాదు, ఈగలతో మాట్లాడేది. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒక పొద్దున పెరట్లో ఎవరితోనో చాడీలు చెబుతున్న గొంతు వినబడి, పొరుగింటామె వచ్చిందేమోనని తొంగి చూశాను. తేనెపెట్టె ముందర గొంతుక్కూర్చుని, "చూసినారా ఈ పిల్ల సంగతి? జొన్నరొట్టె ఒక పక్క కాలుస్తాది, రెండో పక్క మర్సిపోతాది. వాళ్లమ్మ ఏం నేర్పిందో ఏమో!" అని నా మీద ఫిర్యాదు చేస్తోంది మా అత్త. ఈగలు విన్నాయో లేదో గానీ నేను విన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటారే, ఆ రోజు దుత్త దొరక్క చీపురు మీద చూపించాను. వాకిలి రెండుసార్లు ఊడ్చాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆలూరు చుట్టుపక్కల వాళ్లంతా పనున్నా లేకున్నా ఒకసారి కర్నూలు పోయి, రాజధాని చూసొచ్చామని చెప్పుకునేవాళ్లు. మా ఊరికి మాత్రం రాజధానే సైకిలెక్కి వచ్చింది, దావీదురాజు రూపంలో. ఆయన కర్నూలు సర్కారు పంపిన తేనెటీగల ఫీల్డుమ్యాను. సైకిలు వెనక ఒక చెక్కపెట్టె కట్టుకొచ్చి రచ్చకట్ట మీద దింపి, "ఇందులో ఈగలున్నాయి, పెంచుకుంటే తేనె ఇస్తాయి, ఎవరికి కావాల?" అన్నాడు. ఈగలున్నాయి అన్న మాట దగ్గరే మగవాళ్లంతా లేచి పంచెలు దులుపుకున్నారు. ఆడవాళ్ల వెనక నుంచి మా అత్త చెయ్యెత్తింది.

"ఇంట్లో కుట్టేదానివి నువ్వొకదానివి ఉండావు, చాలదా?" అన్నాడు మా మామ పుల్లన్న.

"నేను కుడితే నీకు బుద్ధి రాల్యా. ఇవన్నా కుట్టి నేర్పుతాయేమో చూస్తా," అంది ఆమె. అట్లా ఆ పెట్టె మా పెరట్లోకి వచ్చింది.

మా మామ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన మంచి మనిషి, కాకపోతే పడుకున్న మంచి మనిషి. చేలో పని అయిపోయిన కాలంలో వాకిట్లో నులకమంచం వేసుకుని ఎక్కాడంటే, ఎండను బట్టి మంచం జరుగుతుంది గానీ ఆయన దిగడు. ఆ మంచం ఆయన పెళ్లినాటిది. దాని మీద పడుకునే ఊరివాళ్లకు సలహాలు, మా అత్తకు సూటిపోటి మాటలు. మా ఆయన బేతంచెర్ల బండల గనిలో పనికి పోయి పండగలకూ పబ్బాలకూ వచ్చేవాడు గనుక, ఇంట్లో వీళ్లిద్దరి మధ్య నేనొక్కదాన్నే.

మాఘమాసం వచ్చిందంటే మా అత్త మనిషి మారిపోయేది. నల్లరేగడిలో కుసుమపూలు అయిపోయి, వేప ఇంకా పూత పట్టని ఆ సందు రోజుల్లో ఈగలకు కరువు. కొబ్బరిచిప్పలో బెల్లంనీళ్లు పోసి, అవి మునిగిపోకుండా గడ్డిపోచలు వేసి పెట్టేది. పెట్టె అడుగుపలక బయటికి తీసి, మైనం తినే పురుగు ఉందేమోనని గీకి గీకి చూసేది. పెట్టె కింద పీట కోళ్ల అడుగున రాతిగిన్నెలు పెట్టి నీళ్లు పోస్తే చీమలు ఎక్కవు. ఆ గిన్నెల్లో నీళ్లు పోసే ఉద్యోగం నాది. ఒకపూట మర్చిపోయానా, ఈగలకు మళ్లీ నా మీద చాడీలే.

వేప పూసి, కానుగ పూసేసరికి పెట్టె నిండా ఈగలు పొర్లేవి. అదీ అసలు గండం. ఇల్లు ఇరుకైతే ఈగలు వేరు కాపరం పెడతాయి. సగం మంద లేచి పోతుంది. ఏటా ఫాల్గుణంలో అట్లాగే పోయేది. మా అత్త చీర ఎగ్గట్టి, ఇత్తడి తట్ట వాయించుకుంటూ వెంటబడేది. అవి గుట్టమీది బండల్లో దూరేవి. ఆ పోయే మందను పట్టి పెట్టుకోవడానికే దావీదురాజు రెండో పెట్టె ఒకటి ఇచ్చాడు. అది ఎప్పుడూ ఖాళీయే. "బసమ్మ రెండో పెట్టెలో ఏముండాది?" అని ఒకరంటే "గాలి ఉండాది" అని ఇంకొకరనడం ఊళ్లో సామెతైపోయింది. మా మామ అయితే దాంట్లో పొగాకు దాచుకుంటానన్నాడు. ఆ రోజు ఆయనకు అన్నంలో మజ్జిగ పడలేదు.

ఒకసారి దావీదురాజు పెట్టె విప్పి చూపిస్తూ, లేచిపోయేది పాత రాణి అని చెప్పాడు.

"పాతదా? కొత్తది గదా పోవాల్సింది?" అన్నాను నేను ఆశ్చర్యపోయి.

"కాదమ్మా. పాత రాణే తోడొచ్చే ఈగల్ని పెట్టుకుని పోతుంది. కట్టుకున్న ఇల్లు, కూడబెట్టిన తేనె, అంతా కొత్తదానికి వదిలేస్తుంది."

నేను మా అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

"ఈగలకు బుద్ధి తక్కువ," అంది మా అత్త. "నేనైతే కొత్తదాన్నే తరుముతా."

దావీదురాజు నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో నాదీ అని చెప్పుకోవడానికి పుట్టింటి ట్రంకుపెట్టె తప్ప ఏమీ లేదు. చారులో ఉప్పు వేయాలన్నా అడిగి వేయాలి. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను కూడా: "ఉప్పుజాడీ మీదే, రోకలి మీదే, ఆఖరికి ఈగలు గూడా మీవే. నేనేమో ఈ ఇంటికి నీళ్లు పోసేదాన్ని!" అనేసి భయపడ్డాను. ఆమె పెరట్లోకి పోయి పెట్టె ముందర చాలాసేపు కూర్చుంది. తిరిగొచ్చి, "గంగా, ఈ తూరి రెండో పెట్టె నిండితే అది నీది. తేనె నీది, మైనం నీది, కుట్లు గూడా నీవే," అంది.

పైకి మూతి తిప్పుకున్నాను గానీ లోపల నా సంబరం నాకు పట్టలేదు. ఆ ఖాళీ పెట్టె నాకు బంగారమైపోయింది. రోజుకొకసారైనా చెయ్యి పెట్టి తడిమి చూసుకునేదాన్ని. పుట్టింటికి పోతే మా అమ్మకు చెప్పుకోవాలి, నాకూ ఒక పెట్టె ఉందని. ఆ ఏడు ఫాల్గుణం కోసం నేను ఎదురుచూసినట్లు ఎవరూ ఎదురుచూసి ఉండరు.

పున్నమి ఇంకా దూరముండగా దావీదురాజు వచ్చి చూశాడు. తేనెపట్టు కింది అంచున వేరుశనక్కాయల్లా రాణిగదులు వేలాడుతున్నాయి. కొత్త రాణులు వాటిలో పెరుగుతాయట. "వీటిని గోటితో గిల్లేయండి. నేను పున్నమి దాటినాక వచ్చి, పట్లున్న చట్రాలు పంచి, రెండో పెట్టె కట్టిస్తా. అంతదాకా కొత్తవి కనబడితే కొత్తవీ గిల్లేయాల. లేదంటే లేచిపోతాయి," అని మరీ మరీ చెప్పి పోయాడు.

మా అత్త తల ఊపింది. ఆయన సైకిలు మలుపు తిరిగాక చేతులు వెనక్కి కట్టుకుంది. "కడుపులో ఉన్నదాన్ని గిల్లేదా? ఆ పాపం నా చేత కాదు."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటాండావు," అన్నాడు మామ మంచం మీంచి.

"నువ్వు పండుకో," అంది ఆమె.

గిల్లదు, పోనీ నన్ను గిల్లనిస్తుందా అంటే అదీ లేదు. బదులుగా రెండో పెట్టె మీద పడింది. వేన్నీళ్లతో కడిగింది, పాత మైనం కరిగించి లోపలంతా రుద్దింది, వాసన చూసి చూసి మళ్లీ రుద్దింది. కాముని పున్నమి ముందటి రోజు దాన్ని ఎండకు పెట్టింది. తప్పు జరిగింది అక్కడే.

కాముని పున్నమి సంగతి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరి ముందర ఆముదం కొమ్మ నాటి, చుట్టూ కట్టెలు పేర్చి, పున్నమి రాత్రి కాలుస్తారు. ఆ కట్టెలు కొనకూడదు, అడక్కూడదు, దొంగిలించాలి. ఊళ్లో వయసు పిల్లగాళ్లకు ఆ నాలుగు రోజులూ దొంగతనం తప్పు కాదు. పేర్చింది ఏదైనా కామునిదే. "కామునికి ఎక్కింది మనిషికి దిగదు" అంటారు. సొంతదారు పోయి అడిగితే ఇంటికి అరిష్టం, పైగా ఏడాది పొడుగునా ఎగతాళి. అందుకని ఆడవాళ్లు ముందుగానే రోకలి, నిచ్చెన, కవ్వంతో సహా ఇంట్లోకి చేరవేసుకుంటారు. మా అత్త నా చేత అన్నీ మోయించింది. పెట్టె మాత్రం ఎండలో వదిలేసింది.

"అత్తా, పెట్టె?" అన్నాను.

"ఈగల పెట్టె జోలికొచ్చే మగోడు ఈ ఊర్లో పుట్టల్యా," అంది ధీమాగా.

పుట్టాడు. బొజ్జన్న అని, పేరుకు తగ్గట్టే ఉంటాడు, పిల్లగాళ్ల గుంపుకు వాడే నాయకుడు. పెట్టెకు చెవి పెట్టి విన్నాడట, చప్పుడు లేదట, భుజానేసుకుపోయాడు. పొద్దున లేచి చూస్తే గోడ పక్కన పెట్టె లేదు. పరుగున పోతే కాముని కుప్ప మీద, ఆముదం కొమ్మ పక్కన, అందరికన్నా ఎత్తున నా పెట్టె కూర్చుని ఉంది. కింద బొజ్జన్న కాపలా.

"ఏమత్తా, బాగుండాదా గోపురం?" అన్నాడు పళ్లికిలించి.

మా అత్త నోట్లో నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. అంత తిట్టింది గానీ, పెట్టె ఇమ్మని మాత్రం ఒక్క మాట అడగలేదు. అడక్కూడదు. ఊరి పెత్తనం చేసే పెద్ద ఈరన్న అటుగా వచ్చి, "వదినా, మా నాయన కొత్త కాడిమాను పోయినా అడగల్యా. ఏం చేస్తాం, కామునికి ఇష్టమైంది," అన్నాడు.

ఇంటికొచ్చి ఆమె ఈగలతో కూడా మాట్లాడలేదు. నేను గడ్డివామి వెనక కూర్చుని ఏడ్చాను. చెక్కపెట్టె కోసం ఏడుస్తావా అని ఎవరైనా అంటే అననీ. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మధ్యాహ్నం అంబలి తాగుతుండగా పెరట్లో హోరు. పాత పెట్టె నోట్లోంచి ఈగలు పొంగినట్లు వస్తున్నాయి. "లేచినాయి! గంగా, నీళ్లు!" అని అరిచింది అత్త. చెంబులతో నీళ్లు చల్లాం, దోసిళ్లతో ఇసుక చల్లాం. మంద వేపకొమ్మకు చేరి ముద్దగా వేలాడింది. అత్త జొన్నల బుట్ట తెచ్చింది. కొమ్మ అందదు. నిచ్చెన ఇంట్లో అటక కింద కట్టేసి ఉంది, మా జాగ్రత్త తగలెయ్య! నేను ముడి విప్పి నిచ్చెన ఈడ్చుకొచ్చేసరికి మంద మళ్లీ లేచింది.

ఇక చూడాలి. ముందు ఈగలు, వెనక చీర ఎగ్గట్టిన అత్త, ఆ వెనక నెత్తిన బుట్టతో నేను, మా వెనక ఊళ్లో కుక్కలు. ఈసారి కూడా గుట్టకే అనుకున్నాను. కాదు. ఊరి ముందర సుడి తిరిగి కాముని కుప్ప మీద వాలాయి. పెట్టె నోటి దగ్గర గుంపు కట్టి, ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచిపోయాయి, పెళ్లివారు విడిదింట్లోకి పోయినట్లు. బొజ్జన్న పరిగెత్తడం ఎవరూ చూడలేదు, పశువుల తొట్లో తేలడమే చూశారు.

"పొద్దుట్నుంచీ రెండు మూడు ఈగలు వచ్చి పోతాండె. ఇల్లు చూసిపోను వచ్చినాయని నాకేం తెలుసు?" అన్నాడు తొట్లోంచే.

మా అత్త కుప్ప కింద కూలబడింది. ఇన్నేళ్లుగా ఖాళీగా ఉన్న పెట్టె నిండింది. పొద్దుగూకి చంద్రుడు పొడిస్తే దానికి నిప్పు పెడతారు.

సాయంత్రానికి ఊరంతా చేరింది. పెద్ద ఈరన్న పిడకల నిప్పు కుండతో వచ్చాడు. తలా ఒక మాట. ఒకరు రేపటికి వాయిదా వేద్దామన్నారు, పున్నమి వాయిదా పడుతుందా అన్నారు ఇంకొకరు. దింపేద్దామంటే, కామునిది దింపితే వానలు పడవని ముసలివాళ్లు. వానల మాట ఎత్తితే మా సీమలో ఇక ఎవరూ నోరు విప్పరు.

మా అత్త లేచి నిలబడింది. "నేను అడగనప్పా, ఈరన్నా. అడక్కూడదని నాకు తెలుసు. పెట్టె కామునిదే, పోనీ. ఆ ప్రాణాలు ఏం చేసినాయి? నేను గోటితో గిల్లడానికే చేతులు రాని దాన్ని. నువ్వు నిప్పు పెడతాంటే చూస్తా ఎట్ల నిలబడేది?" అంది. ఆమె ఒకరిని బతిమాలడం నేను చూసింది అదే మొదటిసారి.

పెద్ద ఈరన్న కుండ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "నన్నేం చెయ్యమంటావు వదినా? అడిగితే ఇయ్యగూడదు. పెద్దోళ్లు పెట్టిన కట్టు."

అంతవరకు మగవాళ్ల ముందర నోరెత్తని నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "అడిగితే గదా తప్పు? మీవాళ్లు మమ్మల్ని అడిగి తెచ్చినారా? అడక్కుండా తెచ్చుకునేది ఈ పిల్లగాళ్లకు తప్పు కానప్పుడు మాకెట్ల తప్పయితాది?" అనేశాను.

అత్త నోరు తెరిచి నా వైపు చూసింది. పెద్ద ఈరన్న మీసం నిమురుకున్నాడు. చాలాసేపు నిమురుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "అందరూ తూర్పుకు తిరగండప్పా," అన్నాడు.

"ఏంటికి?"

"చంద్రుడు పొడిచేటప్పుడు కుప్ప వైపు చూసినోనికి కండ్లు పోతాయి. మా తాత చెప్పినాడు."

ఆ ఆచారం మా ఊళ్లో అంతకుముందు ఎవరూ వినలేదు. ఆ తాత చెప్పి ఉంటాడనీ నేననుకోను. కానీ ముసలివాళ్లు ముందుగా తిరిగారు, తర్వాత ఆడవాళ్లు, తర్వాత పిల్లగాళ్లు. ఊరు ఊరంతా మా వైపు వీపు పెట్టి, కంది కట్టెల వామి మీదుగా ఖాళీ ఆకాశాన్ని చూస్తూ నిలబడింది. బొజ్జన్న ఒకసారి మెడ తిప్పబోతే వాళ్లమ్మ ఠపీమని ఒకటి ఇచ్చింది.

"ఏమ్మే, ఎక్కు!" అంది అత్త నా చెవిలో.

ఇద్దరం కుప్ప ఎక్కాం. కట్టెలు గుచ్చుకున్నాయి, చీర చిరిగింది. ఆ చిరిగిన పేలికతోనే అత్త పెట్టె నోరు కుక్కింది. నేనొక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని దించాం. లోపలి రొద చెక్కలోంచి నా అరచేతుల్లోకి వచ్చింది. పెట్టె వెచ్చగా ఉంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

కిందికి దిగేసరికి ఎదురుగా నెత్తిన నులకమంచంతో మా మామ.

"ఇదేంది?" అంది అత్త.

"కుప్ప తగ్గగూడదు గదా," అన్నాడు. ఒగరుస్తూ ఆ మంచాన్ని పెట్టె ఉన్న చోటనే, ఆముదం కొమ్మకు ఆనించాడు. పెళ్లినాటి మంచం, ఎండను బట్టి జరిగే మంచం! అత్త కళ్లు తుడుచుకుంది.

"ఇంగ యాడ పండుకుంటావు?" అంది చివరికి.

"కింద. ఈగలకే ఇల్లుండాది, నాకేముండాది!" అన్నాడాయన.

మేం సందు మలుపు తిరిగాక గానీ పెద్ద ఈరన్న "పొడిచినాడప్పా చంద్రుడు!" అని అరవలేదు. అప్పటికి చంద్రుడు తాటిచెట్టెత్తు ఎక్కి ఉన్నాడు. వెనక మంట లేచింది, జనం కేకలు పెట్టారు.

పెరట్లో రెండో పీట వేసి, కోళ్ల అడుగున గిన్నెలు పెట్టి, కొత్త పెట్టె నిలిపాం. నేను దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్లు.

"నీది అది కాదు. అది నాది," అంది అత్త.

నా ప్రాణం ఉసూరుమంది. మాట తప్పుతోంది! అంత చేసి, కుప్ప ఎక్కించి, ఊరి ముందర నా చేత మాట్లాడించి, ఇప్పుడు ఇట్లానా! కోపంతో ఏడుపొచ్చింది. "మీరే గదా అత్తా, రెండోది నాదన్నారు?"

"అన్నా." ఆమె పాత పెట్టె వైపు చూపించింది. చట్రాల నిండా తేనె, పిల్లలు, రేపో మాపో బయటికొచ్చే కొత్త రాణి ఉన్న పెట్టె. ఆమె రోజూ కూర్చుని మాట్లాడే పెట్టె. "నీది అది."

"అది నిండు పెట్టె గదత్తా. ఇది తేనె లేని వట్టిది."

"పాత రాణి దీంట్లో ఉండాది. అది యాడుంటే నేనాడ," అంది. "ఇల్లు కొత్తదానిది. ఆ దావీదురాజు చెప్పల్యా?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని భోరుమన్నాను. ఆమె కాసేపు పట్టుకోనిచ్చి, తర్వాత విదిలించుకుంది. "చాల్లే, ఊరు ఇంటాది. పో, చీమల గిన్నెల్లో నీళ్లు పొయ్యి. నీ పెట్టెకే పోసుకో, నా పెట్టెకు నేను పోసుకుంటా."

పున్నమి దాటాక దావీదురాజు వచ్చి సంగతంతా విని, గిల్లనందుకు అత్తను చీవాట్లు పెట్టాడు, రెండు పెట్టెలూ చూసి మళ్లీ నవ్వాడు. మా మామ నేల మీద చాప వేసుకుని ఆయనకు సలహాలు చెప్పాడు.

పండగ మర్నాడు పొద్దున మాత్రం, రొట్టె మళ్లీ మాడిందని మా అత్త నన్ను నాలుగు మాటలంది. నేను పెరట్లోకి పోయి, నా పెట్టె ముందర గొంతుక్కూర్చుని, "చూసినారా మా అత్త సంగతి?" అని మొదలుపెట్టాను.

"నాకు ఇనపడతాంది!" అంది ఆమె, తన పెట్టె దగ్గర నుంచి.

"ఇనపడాలనే చెప్తాండా," అన్నాను నేను.